ఒక్క మెతుకు చాలా?

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే గిన్నెలో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మనం రోజూ చేసే ఈ పనికి పెద్దలు 'స్థాలీపులాక న్యాయం' అని ఘనమైన పేరు పెట్టారు. బి.ఏ.లో మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు, శాస్త్రాల్లో మన వంటింటికీ చోటుందన్నమాట అని మురిసిపోయాను.

ఆ మురిపెం కాస్తా ఈమధ్య మా పెద్దమ్మాయి దించేసింది.

దానికి పూణేలో ఉద్యోగం వచ్చింది. నా గుండెల్లో రాయి పడింది. "వద్దే! ఉదాహరణకి మా పిన్ని మనవరాల్నే చూడు. బెంగుళూరు వెళ్ళి ఆర్నెల్లు తిరక్కుండా జ్వరంతో తిరిగొచ్చింది" అన్నాను.

"ఒక్క మెతుకు చాలా అమ్మా? నేనూ, అదీ ఒకే గిన్నెలో ఉడికామా?" అంది.

నాకు నోట మాట రాలేదు. నిజమే! ఒకే ఎసరు, ఒకే సెగ తగిలిన బియ్యానికే మెతుకు సాక్ష్యం చెల్లుతుంది. మనుషుల్లో ఎవరి ఎసరు వాళ్ళది. పైగా జ్వరానికీ బెంగుళూరుకీ ఏం సంబంధం? కాకి వాలింది, తాటిపండు పడింది. కాకే పడగొట్టిందంటే ఎలా? దాన్ని కాకతాళీయం అంటారని చదివి పాసైనదాన్నే నేను!

అసలు ఉదాహరణంటే అరుంధతిని చూపించినట్టుండాలి. ముందు కాంతిగా ఉన్న వశిష్ఠుణ్ణి చూపి, ఆ పక్కనే మినుకుమినుకుమనే చుక్కని చూడమంటారు. (మా పెళ్ళి పట్టపగలు కాబట్టి నేను ఊరికే తలూపాననుకోండి.) తెలిసినదాన్ని ఆసరా చేసుకుని తెలియనిదాన్ని అందుకోవాలి. నేను చెప్పిన ఉదాహరణ దారి చూపేది కాదు, తలుపు మూసేది.

అలాంటి తలుపు నాకూ తెలుసు. నేను మొదటి కథ రాసినప్పుడు మా అమ్మ, "రాతల్లో పడి ఫలానావిడ కాపురం ఏమైందో చూడు" అని నోటుపుస్తకం అటకెక్కించింది. ఆవిడ కాపురం ఎందుకు చెడిందో అమ్మకీ తెలీదు. నేను మాత్రం పదేళ్ళు కలం ముట్టలేదు.

పోయిన ఆదివారం దాన్ని పూణే రైలెక్కించాం. ఇంటికొచ్చి కళ్ళొత్తుకుంటూ కూర్చున్నానో లేదో, మా చిన్నది పక్కన చేరి, "ఇంటరయ్యాక నేనూ ఢిల్లీ వెళ్ళి చదువుకుంటా. ఉదాహరణకి అక్కని చూడు!" అంది.

ఒక్క మెతుకు చాలదే అందామనుకున్నాను. ఎందుకో ఈసారి అనబుద్ధి కాలేదు.