ముప్పై అడుగుల బురద

మా తమ్ముడికి చిన్నప్పటినుంచీ యంత్రాలంటే పిచ్చి. నాకు కాగితాలంటే పిచ్చి అని వాడు వేళాకోళం చేస్తాడు. ఇరవైయేళ్ళుగా ఆఫీసులో దస్త్రాలు తిరగేస్తున్నవాణ్ణి గనుక వూరుకుంటాను. అటువంటి మేమిద్దరం కలిసి ఒక ఆదివారంనాడు మా పెరట్లో జీపు వెనుక యిరుసు విప్పి, అందులోని డిఫరెన్షియల్‌కు వెల్డింగు పెట్టి శాశ్వతంగా బిగించేశాం. మనవాళ్ళలో తోటలూ, వాటికి పాత జీపులూ వున్న కుటుంబాలు చాలా వున్నాయి గదా. అంచేత జరిగినది జరిగినట్టు చెబుతాను.

మా కొబ్బరితోపు రాజపాళయానికి పడమట, అయ్యనార్ కోయిల్ వెళ్ళే దిక్కున, కొండ అడుగున వున్నది. తారురోడ్డు వదిలాక మైలున్నర మట్టిదారి, నడుమ ఒక ఓడై. వేసవిలో అందులో మేకలు పడుకుంటాయి. ఐప్పసి, కార్తికై నెలల్లో ఈశాన్యపు వానలు పట్టుకున్నాయంటే మాత్రం ముప్పై అడుగుల మేర జిగురుబురద. మామిడికైతే చిక్కు లేదు, వేసవిలోనే కోత ముగుస్తుంది. కొబ్బరికి అటువంటి కాలనియమం లేదు. నెలన్నరకో రెండు నెలలకో దించి తీరవలసిందే.

జీపు మా నాయన కాలపు మహీంద్రా. 1940ల చివర బొంబాయిలో విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి కూర్చడం మొదలుపెట్టారే, ఆ వంశంలోదే. నాలుగు చక్రాలకూ బలం పోతుందని దానికి పేరు. ఆ పేరులో సగమే నిజమని 2021 నవంబరులో మాకు తెలిసింది.

ఆ నెల రాష్ట్రమంతా వానలే. ఒక సాయంత్రం మా తోపు కావలివాణ్ణి రక్తపింజరి కరిచింది. తమ్ముడు అప్పుడు అక్కడే వున్నాడు. అతన్ని జీపులో వేసుకుని బయల్దేరితే బండి సరిగ్గా ఓడైలో దిగబడింది. ముందు ఎడమ చక్రమూ, వెనుక కుడి చక్రమూ బురద చిమ్ముతూ గిరగిరా తిరుగుతున్నాయి. గట్టినేలమీద వున్న తక్కిన రెండూ చూస్తూ కూర్చున్నాయి. చివరకు కూలీలు నలుగురు అతన్ని నులకమంచంమీద తారురోడ్డుదాకా మోసుకువెళ్ళి పాలవ్యాను ఎక్కించారు. విరుగుడు మందు అందింది, మనిషి బతికాడు. కాని ఆ బురదలో ముప్పావుగంట గడిచిపోయింది. ఆ ముప్పావుగంట మా తమ్ముడి మనస్సులోనుంచి పోలేదు. "అన్నా, ఇంకొకసారి ఆ ఓడైలో నేను ఆగను" అన్నాడు.

ఎద్దుబండికి ఈ బాధ లేదు. దాని యిరుసు తిరగదు, చక్రాలు దానిమీద దేనికది తిరుగుతాయి. లాగేది ఎద్దు గాని చక్రం కాదు. మోటారుబండిలో చక్రమే నేలను తన్ని బండిని తోయాలి. అందుకని రెంటినీ ఒకే యిరుసుకు బిగిస్తే మలుపులో తగవు వస్తుంది. మా జీపు రెండు చక్రాల మధ్య ఎడం సుమారు నాలుగడుగులు. వీధిమలుపు ఒకటి నిలువుగా తిరిగిందంటే బయటి చక్రం లోపలిదానికంటే ఆరడుగుల పైచిలుకు ఎక్కువ నడవాలి. మలుపు ఇరుకైనా విశాలమైనా తేడా మాత్రం అంతే. ఇది మెట్రిక్యులేషన్ లెక్కే, కాగితంమీద నేనే వేశాను. ఈ ఆరడుగుల తగవు తీర్చేదే డిఫరెన్షియల్. 1827-28 ప్రాంతంలో ఫ్రాన్సులో పెక్యూర్ అనే గడియారాల పనివాడు ఆవిరిబండి కోసమని దానికి పేటెంటు తీసుకున్నాడు. లోపల చిన్న పళ్ళచక్రాలు వుండి, రెండువైపుల చక్రాలూ వేర్వేరు వేగాలతో నడవడానికి వీలు కల్పిస్తాయి.

ఐతే అది రెండువైపులకూ బలాన్ని సమానంగానే పంచుతుంది. చిక్కంతా ఆ సమానంలోనే వున్నది. బురదలో వున్న చక్రానికి ఎదురేమీ లేదు గనుక రవంత బలంతోనే అది తిరిగిపోతుంది. సమానం గనుక గట్టినేలమీది చక్రానికీ ఆ రవంతే దక్కుతుంది. ముందు యిరుసుకూ ఇదే గతి. అంటే ముందొకటి, వెనుకొకటి జారితే నాలుగు చక్రాల బలమనేది మాటకే. చేతిబ్రేకు కొంచెం లాగితే జారే చక్రం అణుగుతుందని కొందరు చెబుతారు. మా జీపులో అది చక్రాలకు కాక గేర్లపెట్టె వెనుక దండానికి పట్టుకుంటుంది గనుక ఆ కిటుకు పనిచేయదు. కాలిబ్రేకు కాస్త తొక్కి పట్టి నడిపితే కొంత మేలు.

ట్రాక్టరులో దీనికి చక్కని ఏర్పాటున్నది. మడమ కింద ఒక పెడలు వుంటుంది. తొక్కితే రెండు చక్రాలూ ఒకటవుతాయి, తీస్తే విడిపోతాయి. కావలసినప్పుడు బిగిసి మళ్ళీ వదిలే ఏర్పాటు కొత్త జీపుల్లో కొన్నిటికి ఫ్యాక్టరీలోనే అమరుస్తున్నారు. మా పాతదానికి అటువంటిది విడిగా కొని బిగించాలంటే ఖర్చు జీపు విలువకు మించేటట్టున్నది. వెల్డింగు చేస్తే కడ్డీల ఖర్చే. తమ్ముడు అటే మొగ్గాడు.

నూనె దించి, మూత విప్పి, లోపల కిరసనాయిలుతో కడిగాం. బేరింగులగుండా కరెంటు పోతే అవి పాడవుతాయి గనుక ఎర్తు పట్టును పళ్ళచక్రాల గూడుకే తగిలించాలి. నిప్పురవ్వలు పడకుండా తడిగుడ్డలు కప్పాం. ఆ ఉక్కు గట్టిది, ఉన్నట్టుండి చల్లారితే అతుకు పగులుతుంది. అంచేత ముందు వేడిచేసి, తరవాత మెల్లగా చల్లారనివ్వాలి. నేను టార్చిలైటు పట్టుకున్నాను. అంతా అయ్యాక జీపు వెనుకభాగం పైకెత్తి చూశాం. పూర్వం ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు తిరిగేది. ఇప్పుడు రెండూ కవలపిల్లల్లాగా ఒకేవైపు తిరిగాయి. ఆ సాయంత్రమే ఓడైలోకి తోలుకువెళ్ళాడు. బండి ఒక్క గురకపెట్టి అవతలి గట్టు ఎక్కింది! ఆ వానకాలమంతా కొబ్బరి ఒక్క దింపు కూడా ఆగలేదు.

వీధిలో మాత్రం మలుపు తిరిగినప్పుడల్లా టైర్లు కీచుమనేవి, మా కుక్క లేచి మొరిగేది. స్టీరింగు బరువెక్కింది. వెనుక టైర్లు ఏడాదిలోనే అరిగాయి. ఆరడుగుల లెక్క వేసినవాణ్ణి నేనే గదా, ఆ ఆరడుగులూ ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలియకపోలేదు. "రోడ్డుమీద నెమ్మదిగా పోదాంలే" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

2022 డిసెంబరులో అమ్మను శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ దర్శనానికి తీసుకువెళ్ళి తిరిగివస్తున్నాం. సన్నని వాన, రోడ్డుమీద నున్నని తడి. వూరు చేరబోతూ ఒక ఎడమమలుపులో తమ్ముడు స్టీరింగు తిప్పాడు. ముందుచక్రాలు తిరిగాయి గాని బండి తిరగలేదు. వెనుకచక్రాలు రెండూ ఒక్కటై దాన్ని తిన్నగా ముందుకే తోశాయి. వేగం ఎక్కువేమీ కాదు. కుడివైపు కల్వర్టు గోడకు కొట్టుకుని ఆగింది. మా యిద్దరికీ ఏమీ కాలేదు. వెనుక బల్లమీద కూర్చున్న అమ్మ ఎడమ మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక అమ్మ ఒక్క మాటే అన్నది. "మీ నాయన ఎద్దుల్ని కట్టేవాడురా. ఎద్దు మలుపు ఎరుగును."

జీపును రిపేరుకు ఇస్తే మేస్త్రి మూత విప్పి చూసి, "ఈ పని చేసిన మహానుభావుడెవడు?" అని అడిగాడు. మేమిద్దరం ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం. ఒకవైపు యిరుసుకడ్డీ మెలితిరిగి పగులు పట్టి వున్నది. ఆ వెల్డింగు ఊడదీయడానికి వీలులేదు. మదురైలో పాతసామాన్ల అంగడినుంచి డిఫరెన్షియల్ ఇంకొకటి తెచ్చి వేయించాం.

అప్పుడు గాని నాకు తట్టలేదు. మాకు అడ్డమైనది ముప్పై అడుగుల బురద. దానికోసం వూరున్నన్ని మలుపుల్లోనూ బండిని మొండిదాన్ని చేశాం. ఓడై పోరంబోకు గనుక, నీరు పైనుంచి పారేటట్టు రాళ్ళు పరచుకోవడానికి అనుమతి కోరుతూ అర్జీ రాశాను. నా కాగితాల పిచ్చి అక్కడ అక్కరకు వచ్చింది. నాలుగు నెలలకు అనుమతి వచ్చింది. మూడు ట్రాక్టర్ల బండరాళ్ళు, రెండు ట్రాక్టర్ల కంకర పట్టాయి. పక్కతోపులవాళ్ళూ తలా కొంత వేసుకున్నారు. 2023 డిసెంబరులో దక్షిణ జిల్లాలను ముంచెత్తిన వానల్లో కంకర కొంత కొట్టుకుపోయింది గాని బండలు కదలలేదు. తమ్ముడు ఇప్పటికీ జీపులో ఒక పారా, రెండు పలకలూ, టైరు గొలుసులూ వుంచుకుంటాడు. మరీ చిత్తడిగా వుంటే టైర్లలో గాలి సగానికి దించి, దాటాక మళ్ళీ కొట్టుకుంటాడు.

అమ్మ చెయ్యి కూడింది గాని, కొబ్బరి తురమడానికి ఇప్పుడు కోడళ్ళను పిలుస్తుంది. వెల్డింగు పెట్టిన ఆ ఇనుపముద్దను పారేయనివ్వలేదు. పెరటితలుపు గాలికి కొట్టుకోకుండా దానికి అడ్డం పెట్టించింది.