బొమ్మా బొరుసూ

చేతికి వచ్చిన నాణేన్ని లెక్కపెట్టేవారే గాని చదివేవారు అరుదు. ఉదయం పాలవానికి ఇచ్చిన రూపాయి మధ్యాహ్నానికి కూరగాయల గంపలోకి, సాయంత్రానికి బస్సు కండక్టరు సంచిలోకి చేరుతుంది. అది ఎవరి స్మృతికి చిహ్నంగా పుట్టిందో, ఏ టంకశాలలో రూపుదిద్దుకొన్నదో తెలుసుకొనే తీరిక ఎవరికీ ఉండదు. ఆ తీరిక లేకపోవడం వల్ల కలిగే నష్టం మాత్రం ఒక్కొక్కప్పుడు చిన్నది కాదు.

సూర్యాపేట బస్టాండు దగ్గర టీకొట్టు నడుపుకొనే ఒక తల్లి అనుభవమే ఇందుకు నిదర్శనం. హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగే ప్రయాణికులు ఇచ్చే చిల్లరలో వింతగా కనిపించిన నాణేలను ఆమె ఏళ్ళ తరబడి ఒక రేకుడబ్బాలో వేస్తూ వచ్చింది. వాటిపై మమకారంతో కాదు. తిరిగి ఇస్తే ఎవరూ పుచ్చుకోరన్న భయంతో. ముఖ్యంగా పది రూపాయల నాణెం చెల్లదన్న వదంతి ఊరూరా వ్యాపించి ఉండేది. అప్పటివరకు విడుదలైన పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. ఆ మాట ఆ టీకొట్టు దాకా చేరలేదు.

కోదాడలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఆమె కూతురికి ఒకనాడు ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షల రూపాయలు ఇస్తామని దాని సారాంశం. డబ్బా బోర్లించి వెతికితే 2012 నాటి పది రూపాయల నాణెం దొరికింది. తీరని అప్పు, వానకు కురిసే ఇల్లు, అమ్మాయి పై చదువు అన్నీ ఆ ఒక్క నాణెంతో గట్టెక్కుతాయనిపించింది. అయితే ప్రకటన ఇచ్చినవారు నమోదు రుసుము కింద ముందుగా రెండున్నర వేలు పంపమన్నారు. పరీక్ష ఫీజు కోసం దాచిన సొమ్మును తల్లి తీసి కూతురి చేతిలో పెట్టింది.

ఆ సొమ్ము పంపడానికి అమ్మాయికి మనసొప్పలేదు. మిర్యాలగూడలో మేనమామ ఇంటి పక్కన ఉండే విశ్రాంత చరిత్రోపన్యాసకుడు నాణేలు సేకరిస్తారని ఆమెకు తెలుసు. మరునాడు డబ్బాతో సహా ఆయన దగ్గరికి వెళ్ళింది.

“ధర మాట తరువాత చూద్దామమ్మా. ముందు నాణెం ఏం చెబుతున్నదో విందాం” అని ఆయన భూతద్దం చేతికిచ్చారు. ఒకవైపు అశోక స్తంభపు సింహాలు ఉంటాయి. రెండోవైపు ఒక మహనీయుని రూపమో, సంస్థ చిహ్నమో, దానితో పాటు పేరూ సంవత్సరమూ ఉంటే అది స్మారక నాణెం. స్వతంత్ర భారతంలో ఈ సంప్రదాయం 1964లో, నెహ్రూ మరణానంతరం ఆయన రూపంతో వెలువడిన రూపాయి, అర్ధరూపాయి నాణేలతో మొదలైంది. సాధారణంగా సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తు టంకశాలను తెలుపుతుంది. నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రాకారం ఉంటే ముంబయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. నిజాం కాలంలో 1903లో సైఫాబాదులో నెలకొన్న టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది.

అమ్మాయి ఒక్కొక్క నాణేన్నే చదివింది. 1990 నాటి అంబేద్కర్ శతజయంతి రూపాయి, 1999 నాటి పదకొండు అంచుల శివాజీ రెండు రూపాయలు, 1982 నాటి ఆసియా క్రీడల పావలా. ధగధగ మెరవాలని ఆ పావలాను ఆమె చింతపండుతో తోమి తెచ్చింది. ఆయన చిన్నగా నవ్వి, “ఇత్తడి చెంబుకు చేసే సేవ నాణేనికి చేయరాదు. తోమితే పుట్టుకతో వచ్చిన మెరుపు పోతుంది, దానితో విలువా తగ్గుతుంది” అన్నారు. పావలా, అంతకు తక్కువ నాణేల చెలామణి 2011 జూన్ 30తో ముగిసింది. ఇప్పుడు అది కొట్లో చెల్లదు, జ్ఞాపకంగా మాత్రం నిలుస్తుంది.

నాణెం ధరను దాని వయస్సు ఒక్కటే నిర్ణయించదు. ఎన్ని ముద్రించారు, ఎంత చెక్కుచెదరకుండా ఉన్నది, కోరేవారు ఎందరు అన్నవి మూడూ కలవాలి. చెలామణి కోసం ముద్రించిన స్మారక నాణేలు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. చేతులు మారి అరిగినవాటికి ముఖవిలువకు మించి దక్కేది స్వల్పం. సేకర్తల కోసమే చేసేవి వేరు. ఎన్.టి. రామారావు శతజయంతి సందర్భంగా రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2023 ఆగస్టు 28న విడుదల చేసిన వంద రూపాయల నాణెం అలాంటిది. సగం వెండితో హైదరాబాదు టంకశాలలో తయారైన ఆ నాణేన్ని కొనుక్కోవలసిందే గాని, అది చిల్లరలో వచ్చేది కాదు.

“మరి నా నాణెం, సార్?” అని అడిగింది అమ్మాయి.

“పది రూపాయలమ్మా. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గాని మనల్ని డబ్బడగడు. తన పేరు చెప్పి పాత నాణేల బేరంలో రుసుములు గుంజే మోసగాళ్ళున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.”

ఆమె ముఖం చిన్నబోవడం చూసి ఆయన మరొక మాట చెప్పారు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఇక్ష్వాకుల నాటివిగా గుర్తించిన ఆ నాణేలకు ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయినీ చిహ్నం ఉన్నాయి. ఒకనాడు అవి కూడా ఎవరి చేతిలోనో ఆడిన సొమ్మే. నేడు వాటిని చూసి ఎంత వస్తుందని ఎవరూ అడగరు, ఏం చెబుతున్నాయని అడుగుతారు.

తెలియనితనానికీ బొమ్మా బొరుసూ ఉంటాయి. ఒకవైపు భయం, మరోవైపు అత్యాశ. చెల్లదని డబ్బాలో దాచిన నాణెమే లక్షలు తెస్తుందని నమ్మించింది. రెండుసార్లూ ఆ ఇంటివారు దాన్ని చదవలేదు.

ఆ సాయంత్రం పరీక్ష ఫీజు సొమ్ము తిరిగి తల్లి చేతికి చేరింది. అంబేద్కర్ రూపాయిని అమ్మాయి తన పుస్తకాల పెట్టెలో దాచుకొన్నది. టీ తాగిన ఒక కోదాడ ప్రయాణికుడికి తల్లి చిల్లరలో ఆ పది రూపాయల నాణేన్ని ఇచ్చింది. అతడు చూసి, “ఇది నడవదమ్మా” అన్నాడు.

“ఎందుకు నడవదయ్యా? దాని మీద ఏమున్నదో చదువు” అన్నదామె.

అతడు నాణేన్ని ఇటూ అటూ తిప్పి చదివి, జేబులో వేసుకొని బస్సెక్కాడు.