తోట ఇల్లు కట్టుకునే దంపతులకు

ఊరికి దూరంగా ఒక తోట, అందులో రెండు గదుల పెంకుటిల్లు ఉండాలన్న కోరిక మీలో చాలామందికి ఉండే ఉంటుంది. పదవీ విరమణ దగ్గరపడిన దంపతులు ఈ విషయమై నన్ను సలహా అడుగుతుంటారు. సాధారణంగా వారు అడిగేది స్థలం ధర గురించి, ఇటుక, సిమెంటు ఖర్చుల గురించి. నేను వైద్యురాలిని గనుక నాకు తోచే ప్రశ్న వేరు. ఆ ఇంట్లో మీరు 65వ ఏట ఎలా ఉంటారు? 75వ ఏట ఎలా ఉంటారు? అర్ధరాత్రి ఒకరికి అస్వస్థత కలిగితే రెండవవారు ఏమి చేయగలరు? నేనూ మా వారూ పదమూడేళ్ళ పాటు కొంచెం కొంచెంగా అటువంటి ఇల్లు ఒకటి కట్టుకున్నాము. ఆ అనుభవాన్ని, దానితో ముడిపడిన ఆరోగ్య విషయాలను మీ ముందు ఉంచుతున్నాను.

నేను 2009లో ప్రభుత్వ వైద్య సేవల నుంచి పదవీ విరమణ చేశాను. మా వారు ఉన్నత పాఠశాలలో గణితం బోధించి, అంతకు మూడేళ్ళ ముందే విశ్రాంతి తీసుకున్నారు. నా ఉద్యోగపు తొలి సంవత్సరాలు పాడేరు ఏజెన్సీలో గడిచినందువలన మా మనసు ఆ కొండల మీదనే ఉండేది. అయితే షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులు భూమి కొనకూడదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించగా వచ్చిన ఈ కట్టుబాటునే జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. గిరిజనుల భూమి అన్యాక్రాంతం కాకుండా కాపాడుతున్నది అదే. వేరొకరి పేరు మీద కొనిపిస్తామని వచ్చిన మధ్యవర్తులకు నమస్కారం పెట్టి పంపించి, కొండల అడుగున, నర్సీపట్నం దిక్కున, మైదాన ప్రాంతంలో జీడిమామిడి చెట్లున్న 60 సెంట్ల భూమి కొన్నాము.

కొనడానికి ముందు మేము చేసిన పని ఒకటి చెప్పాలి. ఆ స్థలం నుంచి ఈసీజీ తీసే సౌకర్యం, ఇరవైనాలుగు గంటలూ వైద్యుడు ఉండే ఆసుపత్రి 22 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పగటిపూట కారులో 35 నిమిషాలు పట్టింది. వర్షం కురిసిన ఒక రాత్రి మళ్ళీ వెళ్ళి చూస్తే 50 నిమిషాలు పట్టింది. మా వారు ఆ రెండు అంకెలనూ తమ నోటుపుస్తకంలో వ్రాసుకున్నారు. స్థలం దస్తావేజులు ఎంత శ్రద్ధగా చూస్తామో ఈ అంకెలను కూడా అంత శ్రద్ధగా చూడాలని నా అభిప్రాయం.

మా తోటలో మొదట కట్టినది గది కాదు, మరుగుదొడ్డి. 2010లో బోరు వేయించి నీటిని పరీక్షకు పంపాము. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది. వేరే నీటి వసతి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. నైట్రేట్లను, సూక్ష్మజీవులను కూడా పరీక్షించాలి. మరుగుదొడ్డి గుంటకు, బోరుకు నడుమ కనీసం 50 అడుగుల ఎడం ఉండేటట్లు మా వారు తాడు పట్టి కొలిచి ముగ్గుతో గుర్తులు పెట్టారు. గుంట నీరు ఊరి బోరులోకి చేరితే టైఫాయిడ్, కామెర్లు, అతిసారం తప్పవు.

2011లో తాటాకు పాక వేసుకున్నాము. మరుసటి రెండేళ్ళలో మొదటి గది లేచింది. పింఛను సొమ్ములో మిగిలినంత మేరకే పని. డబ్బు అయిపోతే మేస్త్రి వేరే పనికి వెళ్ళేవాడు, మేము మొక్కలకు నీళ్ళు పోసుకునేవాళ్ళం. గోడ పని మేస్త్రిదే అయినా ఇసుక జల్లించడం, ఇటుకలు తడపడం, ఉదయం సాయంత్రం గోడలకు నీళ్ళు కొట్టడం, కిటికీలకు రంగు వేయడం, వెల్ల వేయడం మా వంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పనిని సూచిస్తున్నది. 65 ఏళ్ళు దాటినవారికి తూలిపడకుండా నిలకడనిచ్చే వ్యాయామాలు వారానికి మూడు రోజులు అదనం. ఇటువంటి ఇంటిపనిలో ఈ మూడూ చాలావరకు వాటంతట అవే సమకూరుతాయి. ఆ రెండేళ్ళలో మా వారి నడుము చుట్టుకొలత తగ్గింది, నా మధుమేహం మాత్రల మోతాదు పెరగలేదు. దానిలో తోటపనికి ఎంత వాటా, ఆహారానికి ఎంత వాటా అని విడదీసి చెప్పడం శాస్త్రం కాదు గనుక చెప్పను.

అమెరికాలో స్కాట్ నియరింగ్, హెలెన్ నియరింగ్ అనే దంపతులు ఉండేవారు. 1932లో నగరం విడిచి వెర్మాంట్ రాష్ట్రపు కొండలలో స్థిరపడి, తమ రాతి ఇళ్ళను తామే కట్టుకున్నారు. తరువాత మెయిన్ రాష్ట్రానికి తరలి, స్కాట్‌కు తొంబై ఏళ్ళు దాటిన తరువాత కూడా మరొక రాతి ఇల్లు కట్టారు. ఆయన 1983లో నూరేళ్ళు నిండి మరణించారు. ఈ కథ విన్నవారు రాళ్ళు మోస్తే నూరేళ్ళు బ్రతకవచ్చునని భావిస్తారు. ఒక మనిషి ఆయుర్దాయం వైద్యానికి ఋజువు కాదు. అయితే వారి పద్ధతి నుంచి నేను గ్రహించినది ఒకటి ఉన్నది. వారు తొందరపడలేదు. రోజుకు కొంత పని, కొంత చదువు, కొంత విశ్రాంతి అని విభజించుకున్నారు. వయసు మళ్ళినవారికి పని ఎంత ముఖ్యమో, పని ఆపవలసిన వేళ తెలియడం కూడా అంత ముఖ్యం. మేము ఎండ ముదరక ముందే పని ముగించేవాళ్ళం. వేసవిలో వడదెబ్బకు గురయ్యేవారిలో పెద్దవారు, రక్తపుపోటుకు మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడేవారు అధికం.

నిర్మాణపు పనిలో ఉండే ప్రమాదాలను కూడా గమనించండి. తడి సిమెంటు గాఢమైన క్షారం. అది చర్మం మీద గంటల తరబడి ఉంటే కాలుతుంది, కొందరిలో తామర వంటి వ్యాధి వస్తుంది. రబ్బరు తొడుగులు ధరించాలి, అంటిన వెంటనే కడుక్కోవాలి. రాళ్ళను, గచ్చు పలకలను పొడిగా కోస్తే లేచే ధూళిలో సన్నని సిలికా రేణువులు ఉంటాయి. ఏళ్ళ తరబడి పీల్చిన పనివారికి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వస్తుంది, వారికి క్షయ సోకే అవకాశం కూడా పెరుగుతుంది. నీళ్ళు పోస్తూ కోయమని మేము పట్టుబట్టాము. ఇల్లు మనదే కావచ్చు, ఊపిరి మాత్రం మేస్త్రిది. ఒకనాడు మా వారి కాలిలో తుప్పు మేకు దిగింది. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. పదేళ్ళకొకసారి టీడీ టీకా వేయించుకోవాలి. గాయం లోతైనదై, మురికి పట్టినదై, చివరి టీకాకు ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి. ఆ సాయంత్రమే గాయం శుభ్రం చేసి టీకా వేశాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. మా జీడిమామిడి చెట్లు సగం కూలిపోయాయి. పెంకులు ఎగిరి తాటి దూలాలు మాత్రం మిగిలాయి. తుఫాను తరువాత కప్పులు బాగుచేసుకుంటూ పడి ఎముకలు విరగ్గొట్టుకున్నవారిని నేను ఉద్యోగంలో ఎందరినో చూశాను. మా వారికి అప్పటికి 66 ఏళ్ళు. నిచ్చెన ఎక్కనని నాకు మాట ఇచ్చి, క్రింద నిలబడి లెక్కలు చెప్పారు. మేస్త్రి సిమెంటు రేకులు వేసుకోమన్నాడు. చవక, పని త్వరగా అవుతుంది. ఆ రేకులలో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. మన దేశంలో వాటి తయారీ నిషిద్ధం కాదు. కాని వాటిని కోసినప్పుడు, తొలిచినప్పుడు, పగిలినప్పుడు గాలిలో కలిసే నూలు వంటి పోగులు ఊపిరితిత్తుల కర్కటవ్రణాలకు కారణమవుతాయి. మేము ఆరు నెలలు ఆగి, పింఛను కూడబెట్టి మళ్ళీ పెంకులే వేయించాము. ఈసారి అంచు వరుసలను తీగతో కట్టించాము.

తోటలో పాములు ఉంటాయి. మన ప్రాంతంలో అధిక మరణాలకు కారణమయ్యేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. మన ఆసుపత్రులలో దొరికే ప్రతివిషం ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కాటు వేస్తుంది, నొప్పి తెలియకపోవచ్చు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు క్రిందికి దోపి పడుకోవడం మంచి రక్షణ. కట్టెల మోపు, ఇటుకల కుప్ప ఇంటికి దూరంగా ఉండాలి. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం చేయకండి. విరిగిన ఎముకకు వలె అవయవాన్ని కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చండి. పొదలు నరికిన వారం పదిరోజులకు జ్వరం వస్తే, చంకలోనో గజ్జలోనో నల్లని పెచ్చు కనిపిస్తే, అది స్క్రబ్ టైఫస్ కావచ్చునని వైద్యునికి గుర్తుచేయండి. సకాలంలో డాక్సీసైక్లిన్ ఇస్తే త్వరగా తగ్గే జబ్బు అది.

2017లో రెండవ గది మొదలుపెట్టేనాటికి మా మోకాళ్ళు మాతో మాట్లాడటం మొదలుపెట్టాయి. అందువలన ఆ గదిని మా అప్పటి వయసుకు కాక, రాబోయే వయసుకు కట్టించాము. ద్వారం మూడు అడుగుల పైన వెడల్పు. స్నానాల గదిలో జారని గచ్చు, గోడకు పట్టుకునే కడ్డీలు, కూర్చునే మరుగుదొడ్డి. గడప దగ్గర వడ్రంగితో వాదన వచ్చింది. “గడప లేని ఇల్లు ఇల్లవుతుందా అమ్మగారూ?” అన్నాడు. చివరికి గడప చెక్కను నేలమట్టానికి దింపి బిగించాడు. శుక్రవారం నాడు దానికి పసుపు రాస్తున్నాను, కాలు మాత్రం తగలదు. అరుగు అడుగున్నర ఎత్తు. చక్రాల కుర్చీ నడిచే వాలుబాటకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి గనుక, మాకు 18 అడుగుల బాట అవసరమైంది. చూసినవారు నవ్వారు. అప్పటికి మేమిద్దరం మెట్లు ఎక్కగలిగేవాళ్ళమే.

2021 డిసెంబరులో ఒక రాత్రి రెండు గంటల వేళ మా వారు లేచి కూర్చుని, రొమ్ము మధ్య బరువుగా ఉన్నదన్నారు. చెమటలు పోస్తున్నాయి. నేను 108కు ఫోను చేసి, ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమలమని ఇచ్చాను. ఆ మందు పడనివారికి, రక్తస్రావం ఉన్నవారికి, పక్షవాతపు లక్షణాలు ఉన్నవారికి అలా ఇవ్వకూడదు. వాహనం పెద్ద రోడ్డు వరకే రాగలిగింది. మా తోట బాట ఇరుకు. పక్క తోట కాపలాదారు, ఆయన కుమారుడు కలిసి మా వారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ వాలుబాట మీదుగా దింపి రోడ్డు దాకా మోసుకుపోయారు. పట్టణపు ఆసుపత్రిలో ఈసీజీ తీసి, గడ్డను కరిగించే సూదిమందు ఇచ్చారు. మరునాడు విశాఖపట్నంలో ధమనికి స్టెంటు అమర్చారు. గుండెపోటులో ప్రతి నిమిషం గుండె కండరంలో కొంత భాగాన్ని హరిస్తుంది. ఆ రాత్రి మేము నమ్ముకున్నవి నోటుపుస్తకంలోని అంకెలు, ఇద్దరు పొరుగువారి భుజాలు.

ఆ తరువాత హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి తోట అమ్మేయమన్నది. “అమ్మా, నువ్వే డాక్టరువి, నీకు నేను చెప్పాలా?” అని ఏడ్చింది. దాని భయం సహేతుకమైనదే. మా వారు మాత్రం అక్కడికి వెళ్ళకపోతే ఇంట్లో కూర్చుని రోజంతా నాడి చూసుకుంటానన్నారు. అదీ నిజమే. గుండెపోటు తరువాత చాలామందిని దిగులు ఆవరిస్తుంది. దిగులుపడినవారు మందులు సరిగా వాడరు, నడవరు. ముగ్గురం కూర్చుని ఒక కాగితం వ్రాసుకున్నాము. బాట వెడల్పు చేసేదాకా రాత్రి బస లేదు. వర్షాకాలంలో రాత్రి బస లేదు. ఒక్కరే ఎన్నడూ ఉండరాదు. నేను కారు నడపలేని రోజు, లేదా ఒకరు రెండవవారిని మంచం మీద నుంచి లేపలేని రోజు వస్తే, రాత్రి బస శాశ్వతంగా మానుకోవాలి. కాగితం క్రింద మా అమ్మాయి కూడా సంతకం చేసింది.

2022లో బాట వెడల్పు చేయించి, గేటు మార్చాము. ఇప్పుడు వాహనం అరుగు దాకా వస్తుంది. అదే మా చివరి నిర్మాణం. ఇప్పుడు మా వారికి 77, నాకు 74. నా కుడి కంటి చూపు తగ్గినందువలన నిరుటి నుంచి రాత్రివేళ కారు నడపడం లేదు. కాగితంలోని షరతు ప్రకారం పగటిపూట వెళ్ళి చీకటి పడకముందే వచ్చేస్తున్నాము. మా వారు ఒక వారం మాట్లాడలేదు, తరువాత ఆ కాగితాన్ని తామే మడిచి బీరువాలో పెట్టారు. మనుమల కోసమని 2021 మొదట్లో వేసిన మూడవ గది పునాది అలాగే ఉన్నది. దాని మీద జీడిగింజలు ఎండబోసుకుంటున్నాము.

తోట ఇల్లు కట్టుకోదలచిన దంపతులారా, కట్టుకోండి. తొందరపడకుండా, మీ సంపాదన మేరకు, మీ చేతులు కూడా ఆ పనిలో ఉండేటట్లు కట్టుకోండి. నీటితో, మరుగుదొడ్డితో మొదలుపెట్టండి. ఆసుపత్రికి పట్టే సమయాన్ని రాత్రివేళ కొలవండి. పొరుగువారితో స్నేహంగా ఉండండి. ఎప్పుడు మానుకోవాలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇద్దరూ కలిసి వ్రాసి పెట్టుకోండి. జబ్బుపడ్డాక ఆ మాట ఒకరు చెప్పడం, రెండవవారు వినడం చాలా కష్టం.