అటక మీద కాయలు

మాది ఐ.పోలవరం. కొబ్బరీ, వరీ తప్ప వేరే ఆధారం లేని ఇల్లు. మా అటక మీద ఏటా కురిడీకని కొబ్బరికాయలు పోస్తారు. లోపలి నీరంతా ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి గుండుగా తయారవ్వాలంటే నెలల తరబడి వాటిని కదపకూడదు. తొందరపడి దింపితే అటు కురిడీ కాదు, ఇటు పచ్చికాయా కాదు.

నాది నాలుగు జీబీల సెకండ్ హాండ్ లాప్‌టాప్. అందులో లినక్స్. ప్రాజెక్టు గడువు దగ్గరపడిన ఒక రాత్రి 'ఫ్రీ' అనే ఆజ్ఞ ఇచ్చి చూద్దును కదా, మొత్తం 3,800 మెగాబైట్లలో ఖాళీ 170! గుండె జారిపోయింది. వెంటనే ఇంటికి ఫోను చేసి, "నాన్నగారండీ, మెమరీ అయిపోయింది, ఇంకోటి వేయించాలి" అన్నాను. ఆయనకు మెమరీ అంటే తెలియదు, కొడుకు చదువు ఆగకూడదని మాత్రం తెలుసు. "చూద్దాంలేరా" అన్నారు. వారం తిరక్కుండా డబ్బు వచ్చింది.

బజారుకు బయల్దేరబోతూ ఆ పట్టిక మళ్ళీ చూశాను. వాడుకలో ఉన్నది 1,300. 'బఫ్/కాష్' కింద 2,330. (కాష్ అంటే నగదు అనుకునేరు, నేనూ అలాగే అనుకున్నాను!) డిస్కు నుంచి ఒకసారి చదివిన ఫైళ్ళను మళ్ళీ అడుగుతామేమోనని కెర్నెల్ ఖాళీ చోట ఉంచుకుంటుందట. ఏ ప్రోగ్రామైనా చోటు అడిగితే వాటిలో చాలాభాగం అప్పటికప్పుడు తీసేస్తుంది. అసలు ప్రతి డిస్కులో ఉండనే ఉంది కదా! పట్టిక చివర 'అవైలబుల్' అని ఇంకో అంకె: 2,100. కొత్త ప్రోగ్రాములకు ఇవ్వగల చోటుకు అదీ అంచనా. పూర్వం ఫ్రీనీ కాష్‌నీ ఎవరికి వారే కూడుకొనేవారు. కాష్‌లోనూ కదపకూడనివి కొన్ని ఉంటాయి గనుక ఆ కూడిక తప్పు. అందుకే 2014లో వచ్చిన కెర్నెల్ 3.14 నుంచి కెర్నెలే ఆ లెక్క చెబుతోంది. కింది వరసలో స్వాప్ వాడకం చూస్తే సున్నా. నా మెమరీకి ఏ లోటూ లేదన్నమాట.

సెలవులకి ఇంటికెళ్ళి డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలని, "అరుగు మీద ఖాళీ గోనెలు ఉన్నాయనుకోండి. చుట్టం వస్తే చటుక్కున తీసేస్తాం. అటక మీది కాయలు అలా తీయలేం కదండీ" అన్నాను.

నాన్నగారు అటకకేసి చూశారు. "తీశాం కదరా" అన్నారు.

నేనూ పైకి చూశాను. సగం ఖాళీ.

మిత్రులారా! ఖాళీ ఎంతో చూసి ఇంటికి ఫోను చేసేముందు, చివరి గడి కూడా ఒకసారి చదవండి.