పాతబస్తీలో అడుగుల లెక్క

హైదరాబాదు పాతబస్తీని కాలినడకన చూస్తేనే బాగుంటుంది. నయాపూల్ మీదుగా మూసీ దాటి, పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వెంట తిన్నగా పోతే చార్‌కమాన్ వస్తుంది. అక్కడ నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమానులు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటితొట్టి ఉన్నాయి. ఇంకా ముందుకు పోతే చార్మినార్. దానిని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. మీనారుల ఎత్తు సుమారు 56 మీటర్లు. ఒక్కొక్క దానిలో 149 మెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి.

చార్మినారుకు పడమట గాజులకు పేరుపడ్డ లాడ్‌బజారు ఉంది. అక్కడ ఎప్పుడు చూసినా జనమే. పిల్లలూ, ఆ జనంలో మనం ఎలా నడుస్తామో ఎన్నడైనా గమనించారా? ఎదుటివారికి పక్కకు తొలగుతాం, గాజులకేసి తల తిప్పుతాం, గుంట వస్తే దాటుతాం. అయినా పడిపోము! మెదడూ, కళ్లూ, చెవి లోపల ఉండే తూకపు అవయవమూ, కాళ్లలోని నరాలూ కలిసి పనిచేయడమే దీనికి కారణం.

కొందరు పెద్దవాళ్లలో ఈ పొందిక చెడుతుంది. పార్కిన్సన్ వ్యాధి అలాంటిదే. మెదడులో డోపమిన్ అనే పదార్థం తగ్గి, అడుగులు చిన్నవి అవుతాయి. నడిచేటప్పుడు చెయ్యి సరిగా ఊగదు. ఇరుకు గుమ్మం దగ్గరా, జనం మధ్యా కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోవచ్చు. జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు 1817లో దీన్ని వర్ణించాడు. ఆయన రాసిన ఆరుగురు రోగులలో కొందరిని వీధిలోనే చూశాడు!

వీధిలో చూడటం మంచిదే. ఎందుకంటే, వైద్యుడి విశాలమైన గదిలో తాతగారు చక్కగానే నడవవచ్చు. చిక్కంతా ఇంటి దగ్గరి ఇరుకు గల్లీలో వస్తుంది. వైద్యుడు రోజంతా వెంట తిరగలేడు గదా!

అందుకే నడకను కొలిచే పరికరాలు వచ్చాయి. 1870 ప్రాంతంలోనే ఫ్రాన్సులో మారే అనే శాస్త్రజ్ఞుడి ప్రయోగాలకు వింత బూట్లు చేశారు. అడుగుకింద గాలి అర, దానికి రబ్బరు గొట్టం. పాదం నేలను నొక్కగానే మనిషి చేతిలోని యంత్రం గీత గీసేది.

ఇప్పుడు అగ్గిపెట్టెకన్న చిన్న సెన్సర్లను నడుముకూ, చీలమండలకూ కడతారు. బస్సు హఠాత్తుగా కదిలితే మనం వెనక్కు తూలుతాం గదా! సెన్సర్ లోపల కూడా కంటికి ఆనని చిన్న బరువు ఒకటి, మనిషి కదిలినప్పుడల్లా అలాగే తూలుతుంది. ఆ తూలుడు సెకనుకు వందసార్లు అంకెలుగా నమోదవుతుంది. మలుపును కొలిచే భాగం మరొకటి ఉంటుంది. ఇలాంటివే సెల్‌ఫోనులోనూ ఉన్నాయి.

ఆ అంకెలను బట్టి అడుగుకు ఎంతసేపు పట్టిందీ, కుడి ఎడమల తేడా ఎంతో, మళ్లడానికి ఎన్ని అడుగులు వేసిందీ, నిలబడితే ఒళ్లు ఎంత ఊగిందీ తెలుస్తాయి. మందు వేసుకున్న ఎన్ని గంటలకు నడక మందగించిందో కూడా తెలియవచ్చు. అప్పుడు మందు వేళలు మార్చాలా అన్నది వైద్యుడు ఆలోచిస్తాడు. సెన్సర్ జబ్బు నయం చేయదు. సంగతి చెబుతుంది, అంతే.

ఒక చిత్రం వినండి. చదును నేలమీద ఆగిపోయే రోగులు కొందరు మెట్లు సులువుగా ఎక్కుతారు! నేలమీద అడ్డంగా గీత ఉంటే దాన్ని దాటి నడక సాగిస్తారు. కంటికి గురి దొరికితే కాలు కదులుతుందన్నమాట.

కనుక బజారులో ఎవరైనా తాత నిలబడిపోతే వెనకనుంచి తోయకండి, చెయ్యి పట్టి లాగకండి, పడిపోతాడు. దారి ఇచ్చి, "తొందరేం లేదు తాతా" అనండి. మీ ఇంట్లోనే అలాంటివారుంటే, ఏ గుమ్మం దగ్గర, ఏ వేళకు ఆగిపోయారో కాగితం మీద రాసిపెట్టి వైద్యుడికి చూపించండి. సెన్సర్ లేని ఇంట్లో అదే మంచి లెక్క.