బుల్లోడు విమానం ఎక్కాడు!

సినిమాల్లో విమానం ఎక్కడం ఎంత సుళువో చూశారా? పదమూడు రీళ్ళు హీరోతో పోట్లాడిన హీరోయిన్ ఒక్క సూట్‌కేసు పట్టుకుని అమెరికా బయలుదేరుతుంది. హీరోగారు మోటారు సైకిలు మీద దూసుకొస్తారు. శుభం కార్డు పడుతుంది. ఆ అమ్మాయి ఇంట్లో పెంచిన కుక్క ఏమైందో డైరెక్టరుగారు చెప్పరు. మనమూ అడగం!

అడిగిన మహానుభావుడు మనకు ఒకడున్నాడు... ధర్మరాజు! మహాప్రస్థానంలో ద్రౌపదీ, తమ్ముళ్ళూ ఒక్కొక్కరే పడిపోయాక ఆయన వెంట మిగిలింది కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలేసి ఎక్కమంటే ఆయన ససేమిరా అన్నాడు. ఆకాశయానానికి కుక్కతో సహా వస్తానని పేచీ పెట్టిన మొదటి ప్రయాణీకుడు ఆయనే కాబోలు. 2022లో వచ్చిన '777 చార్లీ' చూసే ఉంటారు. జబ్బు చేసిన కుక్కకు మంచు చూపించడానికి దేశం ఆ చివరిదాకా వెళ్ళిన హీరో పేరు కూడా ధర్మే!

ఆ సినిమా చూసి వెక్కివెక్కి ఏడ్చిన వాళ్ళలో మా అక్క కూతురు ఒకతె. ఆ పిల్ల కుక్క పేరు బుల్లోడు. 2020 దసరా నాడు నరసరావుపేటలో మా వీధి చివర దొరికాడు కనుక, అక్కినేని సినిమా గుర్తుకొచ్చి మా అమ్మ పెట్టిన పేరు అది. జాతి ఏమిటని అడక్కండి. పల్నాటి జాతి... అంటే ఊరకుక్క!

బావ ఉద్యోగం మీద ముందుగా న్యూజెర్సీ వెళ్ళాడు. అక్కా, పిల్లా అమ్మ దగ్గరే ఉండిపోయారు. నాన్న పోయారు, నేను గుంటూరులో పత్రికలకు రాసుకుంటూ ఉంటాను. అంచేత ఆ ఇంటికి కాపలా, కాలక్షేపం, మగదిక్కు అన్నీ బుల్లోడే. 2025 జనవరిలో వీసాలు వచ్చాయి. అందరూ పండగ చేసుకుంటుంటే పిల్ల ఒకటే ప్రశ్న వేసింది: "బుల్లోడి వీసా ఏదీ?"

నవ్వాం. కాని ఆ వీసా మనుషుల వీసా కంటే కష్టమని తర్వాత తెలిసింది.

అసలు చిక్కు రేబిస్. ఆ జబ్బుతో ప్రపంచంలో చనిపోయేవాళ్ళలో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందుకే 2021 జూలైలో అమెరికా వాళ్ళు మనలాంటి దేశాల నుంచి కుక్కల రాకనే ఆపేశారు. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు పెట్టి తలుపు కొంచెం తెరిచారు. కుక్కకు ఆరు నెలలు నిండాలి. చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి. బియ్యపుగింజంత ఉంటుంది, అందులో పదిహేను అంకెల నంబరు. బుల్లోడి ఆధార్ కార్డన్నమాట! చిప్ వేశాకనే రేబిస్ టీకా వేయించాలి. ముందు వేయించినవి లెక్కలోకి రావు. ఏటా తప్పకుండా సూది పొడిపించుకున్న బుల్లోడు పాపం మళ్ళీ మొదటికొచ్చాడు.

టీకా తర్వాత కనీసం ముప్పై రోజులు ఆగి రక్తం తీసి, అమెరికా వాళ్ళు గుర్తించిన ల్యాబుకు పంపాలి. రోగాన్ని ఎదిరించే శక్తి మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు ఉందని తేలాలి. రక్తం తీశాక మరో ఇరవై ఎనిమిది రోజులు గడిస్తేగాని అక్కడ కాలు పెట్టనివ్వరు. ఈ పరీక్ష లేకపోతే అక్కడ దిగాక ఇరవై ఎనిమిది రోజులు క్వారంటైన్. ఐరోపా దేశాల్లో అయితే రక్తం తీశాక మూడు నెలలు ఆగాల్సిందే. ఆస్ట్రేలియా మన దేశం నుంచి నేరుగా రానివ్వనే రానివ్వదు. మూడో దేశం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి.

ఇక్కడే ఇంట్లో గొడవ మొదలైంది. పక్కింటి పిన్నిగారు గోడ మీద నుంచి ఒక బాణం వేశారు: "ఊరకుక్కకు విమానమంట! కన్నతల్లికి మాత్రం ఈ కొంప!" అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. నిజం చెప్పాలంటే నా వాదన కూడా అదే. బుల్లోణ్ణి అమ్మకు తోడుగా ఉంచమన్నాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఒక్కతే ఇంట్లో... కనీసం గేటు చప్పుడైతే మొరిగే ప్రాణి ఒకటుండాలి కదా! అక్క పిల్లవైపు చూసింది. పిల్ల కుక్క మెడ పట్టుకుని కూర్చుంది. ఎవరి మాటలోనూ తప్పు లేదు. అదే వచ్చిన చిక్కు.

తీర్పు అమ్మే చెప్పింది. "ఏందిరా మీ గోల? నాతో అయితే రోజూ ఫోన్లో మాట్టాడుకుంటారు. దాంతో ఎట్టా మాట్టాడతారు?"

ఇంకెవరూ నోరెత్తలేదు. కోడిపందెం దగ్గర రాజుకుని యుద్ధం దాకా పోయిన గడ్డ మాది. 1947లో ఒకసారి, 1966లో ఒకసారి 'పల్నాటి యుద్ధం' సినిమాగా కూడా వచ్చింది. మా ఇంటి యుద్ధం మాత్రం ఒక్క డైలాగుతో ముగిసింది!

ఆ తర్వాత పెట్టె శిక్షణ. విమానంలో వెళ్ళే పెట్టెలో కుక్క తల తగలకుండా నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్ళు చాపుకుని పడుకోవాలి. వరండాలో ఆ పెట్టె పెట్టి, అందులో అమ్మ పాత చీర పరిచి, రెండు నెలలు అన్నం అందులోనే పెట్టారు. చివరికి పిలిచినా బయటికి రానంత అలవాటైంది. మత్తుమందు ఇస్తే హాయిగా పడుకుంటాడుగా అన్నాను నేను. డాక్టరుగారు కూడదన్నారు. మత్తులో ఊపిరి, రక్తపోటు తగ్గి ప్రాణం మీదికి రావచ్చునట. ఇక హచ్ ప్రకటన చూసి అందరూ మోజుపడ్డ పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మామూలుగానే ఊపిరి కష్టం. వాటిని చాలా విమాన సంస్థలు ఎక్కించుకోవు. మా ఊరకుక్క ముక్కు మాత్రం పొడుగ్గా, ఠీవిగా ఉంది. జాతి గొప్ప ఆ రోజు తెలిసింది!

హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వ క్వారంటైన్ ఆఫీసు వారి సర్టిఫికెట్ చేతికి వచ్చాక మే నెలలో బయలుదేరారు. కుక్కలుండే గదిలో గాలి ఒత్తిడీ, చల్లదనమూ మనుషులకు ఉన్నట్టే ఉంటాయని తెలిసినా ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. న్యూయార్కు, అట్లాంటా లాంటి కొన్ని విమానాశ్రయాల్లోనే మనలాంటి దేశాల కుక్కల్ని దిగనిస్తారు. న్యూయార్కులో ముందే చోటు బుక్ చేసిన కేంద్రంలో డాక్టరు చూసి, మరో టీకా వేసి వదిలారు. మర్నాడు వీడియోలో బుల్లోడు కనిపించాడు. అమ్మ "ఒరే బుల్లోడా" అంది. వాడు ఫోను వెనక్కి వెళ్ళి వాసన చూశాడు. అమ్మ నవ్వింది. తర్వాత చాలాసేపు వంటింట్లోంచి బయటికి రాలేదు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు నేను నరసరావుపేటలోనే ఉంటున్నాను. గేటు చప్పుడైతే నేనే లేవాలి మరి!

ఇలా పట్టుబట్టేవాళ్ళు మేమొక్కళ్ళమే కాదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు కేరళ వైద్య విద్యార్థిని ఒకామె తన హస్కీని వదిలి రానంది. మన ప్రభుత్వం నిబంధనలు సడలించి అలాంటి పెంపుడు జంతువుల్ని రానిచ్చింది. మన తణుకు డాక్టరు ఒకాయనైతే తన చిరుతను, జాగ్వార్‌ను వదలనని బాంబుల మధ్యే ఉండిపోయాడు. చిరంజీవి 'లంకేశ్వరుడు' చూసి ఆ మోజు పుట్టిందని ఆయనే చెప్పాడు. సినిమా మహిమ చూశారా!

సరే, మీలో ఎంతమంది ఎమ్మెస్ కోసం అమెరికా కలలు కంటున్నారో నాకు తెలుసు. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. కాని ఎవరి ఫొటోనో చూసి రేపు ఒక కుక్కపిల్లను కొని తెచ్చేముందు ఒక్క లెక్క వేసుకోండి. అది పదీ పన్నెండేళ్ళు బతుకుతుంది. మీరు రెండేళ్ళలో విమానం ఎక్కుతారు. తీసుకెళ్ళాలంటే కాగితాలకే మూడు నాలుగు నెలలు, ఖర్చు మీ టిక్కెట్టును మించవచ్చు. వదిలి వెళ్ళాలంటే అమ్మో నాన్నో ఈ వయసులో దానికి స్నానాలు పోయాలి. ఈ రెంటిలో ఏది చేస్తారో పిల్లను ఎత్తుకోకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడండి. ఎత్తుకున్నాక అది మీ మొహం చూస్తుంది... ఇక లెక్కలు తేలవు!