సినిమా జీపు వేరు... మావయ్య జీపు వేరు!

సినిమాలో జీపు సీను మీరు చాలాసార్లు చూసే ఉంటారు. ఘాట్ రోడ్డు. హీరోగారు ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతూ, పక్కనున్న హీరోయిన్ వైపు కాస్తయినా వంగకుండా, గుసగుసగా ప్రేమ కబుర్లు చెబుతాడు. ఆ అమ్మాయి అంతకన్నా నెమ్మదిగా "ఊ" అంటుంది. ఆ "ఊ" హాలు చివరి వరసలో కూర్చున్న మనక్కూడా స్పష్టంగా వినపడుతుంది!

అదెలా సాధ్యమని ఎప్పుడైనా ఆలోచించారా? నేనైతే ఆలోచించలేదు... మా మావయ్య జీపెక్కి మారేడుమిల్లి బయలుదేరేదాకా.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మన సినిమాల్లో మాటలు చాలావరకు తర్వాత డబ్బింగ్ థియేటర్లో, తలుపులన్నీ బిగించిన చల్లటి గదిలో చెప్పినవే. జీపు చప్పుడు వేరే ట్రాకు మీద ఉంటుంది. మాట వచ్చినప్పుడు దాన్ని తగ్గిస్తారు, మాట అయిపోగానే పెంచుతారు. షూటింగ్ జరిగే చోటే మాటలు రికార్డు చేసే సింక్ సౌండ్ పద్ధతి గురించి 2001లో 'లగాన్' వచ్చినప్పుడు అందరూ గొప్పగా చెప్పుకున్నారు. కానీ ఆ పద్ధతిలో మా మావయ్య జీపులో ప్రేమ సీను తీయమంటే మాత్రం, ఎంతటి సౌండ్ ఇంజనీరయినా దణ్ణం పెట్టి దిగిపోతాడు!

'పుష్ప' (2021) వచ్చాక మారేడుమిల్లి అడవుల పేరు తెలియని కుర్రకారు లేరు. 2022లో ఏకంగా ఊరి పేరుతోనే 'ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం' వచ్చింది. ఆ అడవుల మీద ఒక వ్యాసం రాద్దామని బయలుదేరాను. రాజమండ్రిలో మావయ్య ఉండనే ఉన్నాడు. వయసు 62. ముప్పై ఏళ్లుగా మన్యం రోడ్ల మీద జీపు తిప్పుతున్న మనిషి. ఒకప్పుడు కాంట్రాక్టర్లకి తిప్పాడు, ఇప్పుడు టూరిస్టులకి.

బయలుదేరేముందు అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్ అబ్బాయ్, మీ మావయ్యకి ఈ మధ్య సరిగ్గా వినపడట్లేదురా. అంటే ఒప్పుకోరు. టీవీ పెట్టారంటే వీధి చివరిదాకా మోగాల్సిందే. ఆ జీపు ఇంక చాలించమని నువ్వన్నా చెప్పు. నీ మాటయితే వింటారు."

"వింటారు" అన్న మాటకి ఇద్దరం నవ్వేశాం. కానీ ఆవిడ కళ్లలో నవ్వు లేదు.

సరే, దారిలో నెమ్మదిగా చెబుదామనుకున్నాను. అదే నా పొరపాటు!

గోకవరం దాటకముందే గొంతు పోయింది

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. కోరుకొండలో కొండ మీది నరసింహస్వామికి జీపులోంచే దణ్ణం పెట్టుకున్నాం. గోకవరం దాటాక పొలాలు పలచబడి జీడిమామిడి తోటలొచ్చాయి. ఆ తర్వాత అడవి. రంపచోడవరం వచ్చేసరికి గాలి మారింది, చెట్ల రంగు మారింది. చూడటానికి రెండు కళ్లూ చాలవు. చెవుల సంగతే చెప్పలేను!

పాత రెగ్జిన్ హుడ్ తీసేసి మావయ్య ఎప్పుడో రేకు టాపు వేయించాడు. తలుపులూ రేకువే. కింద పెద్ద పెద్ద గళ్లున్న మడ్ టైర్లు. వేగం 40 దాటితే అవి "ఊఁ..." అని రాగం అందుకుంటాయి. 50 దాటితే తలుపు సందులు ఈల వేస్తాయి. 60కి చేరాక టాపు మొత్తం డప్పయి కూర్చుంటుంది.

"మావయ్యా! అత్తయ్య నీకొక మాట చెప్పమంది!" అని అరిచాను.

"టీనా? రంపలో ఆపుతాలే!" అన్నాడు మావయ్య.

ఫోన్లో చప్పుడు కొలిచే యాప్ ఒకటుంటే తీసి చూశాను. 60 వేగంలో 92 డెసిబెల్స్! ఫోను లెక్క పక్కా లెక్క కాకపోవచ్చు, కానీ దరిదాపుల్లో ఉంటుంది. డెసిబెల్ లెక్క కిరాణా కొట్టు లెక్కలాంటిది కాదు సుమండీ. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపయినట్టు. అందుకే వినికిడి నిపుణులు ఒక హద్దు చెబుతారు: 85 డెసిబెల్స్ రొదలో రోజుకి 8 గంటలు. 88 అయితే 4 గంటలే. 91 అయితే రెండే రెండు గంటలు. ఆ లెక్కన మారేడుమిల్లి వెళ్లేసరికే చెవికి ఆ రోజు రేషన్ దగ్గరపడుతుంది. తిరుగు ప్రయాణమంతా అప్పే! మావయ్య ముప్పై ఏళ్లుగా ఆ అప్పు చేస్తున్నాడు.

రంప దాటాక ఒక మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. మావయ్య సడన్ బ్రేకు వేశాడు. నా తల అద్దానికి తగలబోయి ఆగింది.

"హారన్ కొట్టి చావొచ్చుగా!" అన్నాడు మావయ్య.

లారీ క్లీనరు కిటికీలోంచి తల బయటపెట్టి, కొట్టాం కొట్టాం అని చేత్తో సైగ చేశాడు. నిజం చెప్పొద్దూ... నాకూ వినపడలేదు. "ఈ జీపులో హారన్ ఎవడికి వినపడుద్దిరా!" అని మావయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. తప్పు జీపుదేనని ఇద్దరం తేల్చేశాం.

మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తింటున్నప్పుడు అత్తయ్య మాట చెప్పొచ్చు. కానీ నోరు రాలేదు. బొంగు చీల్చి ఆకులో వేడివేడిగా వడ్డిస్తున్నారు. నన్ను తీసుకొచ్చినందుకు మావయ్య ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం చూస్తూ "నువ్వింక జీపు మానెయ్" అని ఎలా చెప్పను? ముందు జీపు నోరు మూయిద్దాం, తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

జీపు నోరు మూయించడం ఎలా?

అసలు జీపంటేనే యుద్ధం బండి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, అమెరికా సైన్యం కోసం తయారైంది. బురదలో దిగబడకూడదు, చెడితే చెట్టు కింద బాగుచేసుకోగలగాలి. లోపల కూర్చున్నవాళ్లు కబుర్లు చెప్పుకోవాలని ఎవరూ అనుకోలేదు! ముందు అద్దం గోడలా నిటారుగా ఉంటుంది. గాలి దాన్ని ఢీకొట్టి అంచుల దగ్గర సుడులు తిరుగుతుంది. వేగం రెట్టింపయితే గాలి రొద సుమారు 15 నుంచి 18 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. అందుకే ఊళ్లో మర్యాదగా ఉండే బండి రోడ్డెక్కగానే రాక్షసి అవుతుంది.

రాజమండ్రిలో సీటు కవర్ల షాపతను "మొత్తం నల్ల షీటు అంటించేద్దాం సార్" అన్నాడు. హైదరాబాదులో డబ్బింగ్ థియేటర్లో పనిచేసే మిత్రుడికి ఫోన్ చేశాను. వాడు పెద్దగా నవ్వాడు.

"మా థియేటర్ గోడ రెండడుగుల మందం కట్టి, తలుపు కింద వేలెడు సందు వదిలితే ఏమవుతుంది? ముందు చిల్లులు వెతకరా బాబూ! షీట్లు తర్వాత."

వాడు చెప్పిన చిట్కాలు రెండు. మొదటిది పది రూపాయల నోటు పరీక్ష. తలుపు అంచున నోటు పెట్టి తలుపు వేయాలి, నోటు లాగాలి. బిగువుగా వస్తే అక్కడ రబ్బరు బీడింగ్ బాగున్నట్టు. జారిపోతే గాలికి అదే గుమ్మం. మావయ్య జీపులో నోటు లాగనక్కర్లేదు, అదే పడిపోయింది!

రెండోది మాస్కింగ్ టేపు పరీక్ష. సందులన్నిటికీ టేపు అంటించి, ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్లాలి. తర్వాత ఒక్కొక్క టేపూ పీకుతూ మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఏది పీకితే రొద పెరిగిందో అదే దొంగ. కోరుకొండ రోడ్డు మీద ఆ పొద్దున్నంతా మేం అటూ ఇటూ తిరుగుతుంటే టీ కొట్టువాడు ఏమనుకున్నాడో దేవుడికే తెలియాలి.

దొంగలు ముగ్గురు దొరికారు. తలుపుల పై మూలల్లో అరిగిపోయిన బీడింగ్. పెడల్స్ వెనకాల ఇంజను వైపు గోడలో వైర్లు దూరే చిల్లులు. టాపు మీద ఖాళీగా ఉన్న లగేజి క్యారియర్. ఆ క్యారియర్ తీసేయగానే ఈల సగం ఆగిపోయింది. పైసా ఖర్చు లేదు! చిల్లులకి రబ్బరు బిరడాలు, తలుపులకి కొత్త బీడింగ్ వేయించాం.

అప్పుడొచ్చింది నల్ల షీటు వంతు. దాని పని గాలిని ఆపడం కాదు, రేకు వణుకు ఆపడం. వేలితో కొడితే "టంగ్" అనే రేకు, మధ్యలో షీటు అంటించాక "టప్" అని ఊరుకుంది. రేకంతా కప్పనక్కర్లేదు, పావు వంతు కప్పితే చాలావరకు పని జరుగుతుంది. టాపు లోపల నీరు పీల్చని రకం ఫోమ్ వేయించాం. నీరు పీల్చేదయితే వానాకాలంలో తడిసి రేకు తుప్పు పట్టేది. తలుపుల అడుగున నీళ్లు పోయే కన్నాలు మాత్రం మూయనివ్వలేదు. కింద ఫెల్టు, దాని మీద బరువైన రబ్బరు మ్యాట్.

మడ్ టైర్లు మార్చమంటే మావయ్య ససేమిరా అన్నాడు. "గుడిస కొండకి తారు రోడ్డు టైర్లతో వెళ్తావేంట్రా?" అన్నాడు. అదీ నిజమే. ఆ రాగం మిగిలిపోయింది.

మొత్తం ఖర్చు తొమ్మిది వేల చిల్లర. మళ్లీ అదే రోడ్డు, అదే 60 వేగం. 84 డెసిబెల్స్! తగ్గింది ఎనిమిదే కదా అనుకోకండి. శబ్దశక్తి ఆరో వంతుకి దిగినట్టు. చెవికి దాదాపు సగం తగ్గినట్టుంటుంది.

"ఒరేయ్, నా జీపేనా ఇది!" అని మావయ్య చిన్నపిల్లాడిలా తలుపు తీసి వేసి, తీసి వేసి చూసుకున్నాడు.

గుడిస దారిలో

రెండు వారాల తర్వాత సూర్యోదయం చూడటానికి గుడిస వెళ్లాం. మారేడుమిల్లి నుంచి చీకట్లో బయలుదేరి పుల్లంగి మీదుగా వెళ్లాలి. పైదాకా రాళ్లు, గుంతలు. అక్కడ వేగం లేదు కాబట్టి గాలి రొదా లేదు. చిన్న గేరులో ఇంజను గుర్రుమంటోందంతే. మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

"మావయ్యా, అత్తయ్య నీ గురించి దిగులు పడుతోంది" అన్నాను మామూలు గొంతుతో.

జవాబు లేదు. రోడ్డు వైపే చూస్తున్నాడు. తెలిసే దాటేస్తున్నాడేమో అనుకున్నాను.

ఇంతలో పై మలుపు నుంచి హారన్. స్పష్టంగా... ఒకటి, రెండు. మావయ్య వేగం తగ్గించలేదు.

"మావయ్యా! బండొస్తోంది!"

బ్రేకు పడింది. ఎదుటి జీపు మా అద్దాన్ని రాసుకుంటున్నట్టుగా కిందికి వెళ్లిపోయింది. మావయ్య ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా కీచురాళ్ల రొద మీద పడింది.

"హారన్ కొట్టాడా?"

"కొట్టాడు మావయ్యా. రెండుసార్లు."

చాలాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ జీపు రొదలో వినపడట్లేదు, ఎవరికైనా అంతేగా అనుకున్నాన్రా. ఇప్పుడు నువ్వు దాని నోరు మూయించావు. ఇంక దాన్ని అనడానికి లేదు."

అని కిందికి దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా వైపు తలుపు తీశాడు. "జరుగు. గేరు నేను చెబుతాను."

అత్తయ్య మాట చెప్పాల్సిన అవసరమే లేకపోయింది.

గుడిస మీద చెట్లు తక్కువ. గుండ్రటి కొండలు, వాటి నిండా గడ్డి. కింద లోయల్లో పాలు పొంగినట్టు మేఘాలు. ఎర్రగా సూర్యుడు పైకొచ్చాడు. చుట్టూ కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని రీల్సు తీస్తున్నారు. మావయ్య మాత్రం ఊగుతున్న గడ్డినే చూస్తున్నాడు.

"దీనికి చప్పుడుందా?" అన్నాడు.

"ఉంది మావయ్యా."

"ఎలా ఉంది?"

ఏం చెప్పను? ఆయన కుడిచెవి దగ్గర నోరు పెట్టి "ఉస్స్..." అన్నాను.

"డబ్బింగా!" అని నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు. గాలికేలెండి.

రాజమండ్రి వచ్చాక చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. రెండు చెవులూ దెబ్బతిన్నాయి, కిటికీ వైపుండే కుడిచెవి మరీ ఎక్కువ. రొద వల్ల పోయిన వినికిడి తిరిగి రాదన్నారు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి, మిషను పెట్టుకోవాలి. ఇప్పుడు మావయ్య చెవులకి మిషన్లు. జీపు వాళ్లబ్బాయి నడుపుతున్నాడు. మావయ్య పక్క సీట్లో కూర్చుని టూరిస్టులకి ఏ సినిమా ఏ మలుపులో తీశారో కథలుగా చెబుతాడు. ఆ కథలు వెనకసీటు దాకా వినపడుతున్నాయి!

మీలో చాలామంది బైకు మీద వెళ్తూ గాలి రొద వినపడకూడదని ఇయర్‌ఫోన్లో పాట పెంచుతారు. రొదని పాటతో కప్పితే చెవికి రెండు దెబ్బలు. పైగా వెనక హారన్ కూడా మిస్సవుతుంది. ఆ పని మాత్రం చేయకండి.

నిన్న అత్తయ్య ఫోన్ చేసింది. ఇంట్లో టీవీ సౌండు తగ్గిందట. సంతోషమేగా అన్నాను.

"సంతోషమేరా... కానీ వంటింట్లో నేను నెమ్మదిగా విసుక్కున్నా ఇప్పుడు వినపడిపోతోంది!" అంది.